నొప్పిని ‘ఎదురుచూడవచ్చు’ అనొచ్చా?

కరపత్రాల అనువాదకురాలు:
నేను ఆరోగ్య కరపత్రాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాస్తుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నది మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకి ఇచ్చే కాగితం. అందులో ఇంగ్లీషు ‘ఎక్స్‌పెక్ట్’ (expect) ఉన్నచోట ‘కొద్ది రోజులు నొప్పిని, వాపును ఎదురుచూడవచ్చు’ అని రాశాను. పంపేముందు అమ్మకి చదివి వినిపించాను. అమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, “నొప్పి కోసం ఎవరైనా ఎదురుచూస్తారా తల్లీ? అసలే భయంతో ఉంటారు వాళ్ళు” అంది.

‘ఆశించవచ్చు’ అని మార్చాను, అది ఇంకా ఘోరంగా ఉంది. ‘ఊహించుకోవచ్చు’ అంటే లేని నొప్పిని తెచ్చుకోమన్నట్టుంది. రేపటికల్లా ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. రాబోయేది ముందే తెలిసి సిద్ధంగా ఉండటానికి మనకి ఒక్క క్రియ లేదా?

పాత తెలుగు మాస్టారు:
మీ అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారమ్మా. ఎదురుచూడటమంటే వచ్చేవాళ్ళ దారివైపు ముఖం పెట్టి చూడటం. సంస్కృతంలో ‘ప్రతీక్ష’ కూడా అచ్చంగా ఇదే: ‘ప్రతి’ అంటే ఎదురుగా, ‘ఈక్ష’ అంటే చూడటం. దారి చూస్తున్నామంటే వచ్చేది మనకి కావలసిందనే. ఉత్తరం కోసం, మనిషి కోసం ఎదురుచూస్తాం. పరీక్ష ఫలితం ఎలా ఉంటుందో తెలియకపోయినా, అదేదో తేలిపోవాలని ఉంటుంది కాబట్టి దానికోసమూ ఎదురుచూస్తాం. జ్వరం కోసం చూడం.

వ్యాకరణం కూడా అడ్డుపడుతోంది. ఈ క్రియకి ‘కోసం’ కావాలి, లేదా ‘ఎప్పుడొస్తాడా అని’ లాంటి మాట కావాలి. ‘నొప్పిని ఎదురుచూడు’ అన్నప్పుడు ఆ ‘ని’ దగ్గరే వాక్యం కుంటుతుంది. ఇక ‘ఆశించు’లో ఆశ పైకే కనబడుతోంది. ‘భారీ నష్టాన్ని ఆశిస్తున్నారు’ లాంటి వాక్యం కంటబడితే నాకు మనసు చివుక్కుమంటుంది.

మరో ముచ్చట. ‘నిరీక్షణ’ మనకి ఎదురుచూపు, హిందీలో తనిఖీ. రెండూ చూపులోంచి పుట్టినవే.

ప్రూఫులు దిద్దే మనిషి:
‘ఊహించు’ని అంత తొందరగా వదిలేయకండి. ‘ఊహించాను’ వేరు, ‘ఊహించుకున్నాను’ వేరు. “ఇలా అవుతుందని ముందే ఊహించాను” అంటే జరగబోయేది తట్టింది. “ఊహించుకున్నాను” అంటే మనసులో బొమ్మ గీసుకున్నాను. ‘కొను’ చేరగానే అది మన లోపలి వ్యవహారమైపోయింది. ‘ఊహించని’ అన్న మాటైతే మంచికీ చెడుకీ సమానంగా సరిపోతుంది.

కానీ మీ కాగితానికి ఇదీ కుదరదు. తెలియనివాడు ఊహిస్తాడు. నొప్పి వస్తుందని డాక్టరుకి తెలుసు కదా, రోగిని ఊహించమనడం దేనికి? ‘అంచనా వేయడాని’కి లెక్క కావాలి, ‘పసిగట్టడాని’కి ఏదో ఒక ఆనవాలు తగలాలి (పసి అంటే వాసనే).

ఒక నర్సు:
నేను రోజూ ఈ మాట చెప్పేదాన్నే. ఇంతవరకూ ఏ క్రియా వెతుక్కోలేదండి. “రెండు మూడు రోజులు నొప్పి ఉంటుందమ్మా” అంటాను, అంతే. ‘ఉండవచ్చు’ అంటే వాళ్ళకి అనుమానం మొదలవుతుంది, రాకపోవచ్చేమో అనుకుంటారు. తీరా వస్తే ఏదో తేడా జరిగిందని హడలిపోతారు. ‘ఉంటుంది’ అంటే స్థిమితపడతారు.

పాత తెలుగు మాస్టారు:
ఆవిడ చెప్పిందే అసలు జవాబు. మన ‘ఉంటుంది’ రేపటినీ చెబుతుంది, ఎప్పుడూ జరిగేదాన్నీ చెబుతుంది. ‘ఇలాంటివాళ్ళందరికీ ఉండేదే, మీకూ ఉంటుంది’ అన్న భరోసా ఆ ఒక్క రూపంలోనే ఉంది. ఇంగ్లీషువాడికి దానికి వేరే క్రియ కావాల్సి వచ్చింది, మనకి అక్కర్లేదు.

కరపత్రాల అనువాదకురాలు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇలా మార్చాను: ‘ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులు మోకాలు నొప్పిగా ఉంటుంది, వాస్తుంది. ఇది మామూలే. తగ్గకుండా రోజురోజుకీ పెరుగుతుంటే వెంటనే డాక్టరుకి చెప్పండి.’ అమ్మకి మళ్ళీ చదివాను. ఈసారి కళ్ళజోడు తీయలేదు, “కొద్ది రోజులంటే ఎన్నాళ్ళు?” అని అడిగింది. అది డాక్టరుని కనుక్కుని రాయాలి.