థామస్ జెఫర్సన్ వాళ్ళ నాన్న పీటర్ జెఫర్సన్‌కి అంత భూమి, కల్నల్ హోదా ఎలా వచ్చాయి?

రిచ్‌మండ్_రాధిక:

అందరికీ నమస్కారం. మేము రిచ్‌మండ్ దగ్గర షార్ట్ పంప్‌లో ఉంటాం. మొన్న లాంగ్ వీకెండ్‌కి పిల్లల్ని తీసుకుని షార్లట్స్‌విల్ వెళ్ళాం, జెఫర్సన్ ఇల్లు మాంటిసెల్లో చూసి వస్తుంటే దారిలో షాడ్వెల్ అని ఒక బోర్డు కనపడింది, అమెరికా మూడో ప్రెసిడెంట్ థామస్ జెఫర్సన్ పుట్టింది అక్కడేనట, అది వాళ్ళ నాన్న పీటర్ జెఫర్సన్ ఎస్టేట్ అంట. మా బాబు ఏడో క్లాసు, వాడికి స్కూల్లో వర్జీనియా హిస్టరీ ప్రాజెక్ట్ ఉంది, అందరూ థామస్ మీద రాస్తారు నేను వాళ్ళ నాన్న మీద రాస్తా అని పట్టుబట్టాడు. సరే అన్నాను కానీ ఇప్పుడు వాడడిగేవాటికి నా దగ్గర జవాబుల్లేవు. ఆయన పుట్టుకతోనే జమీందారా లేక తర్వాత సంపాదించాడా? కల్నల్ పీటర్ జెఫర్సన్ అని ఉంటుంది కదా, అంటే బ్రిటిష్ ఆర్మీలో చేశాడా? ఒకచోట 1707లో పుట్టాడనీ ఇంకోచోట 1708 అనీ ఉంది, ఏది కరెక్ట్? ఇంట్లో ఎంతమంది, వాళ్ళంతా ఏమయ్యారు? కాస్త వివరంగా తెలిసినవాళ్ళు చెప్తే వాడికి చదివి వినిపిస్తాను.

గొలుసు_మాస్టారు:

రాధికమ్మా, నేను సర్వే డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, మా అమ్మాయి వర్జీనియాలో ఉండటం వల్ల రెండుసార్లు వచ్చి ఆరేసి నెలలున్నాను, అప్పట్నుంచీ ఈ పీటర్ జెఫర్సన్ అంటే నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఆయనా సర్వేయరే.

ముందు పుట్టినరోజు సంగతి. ఆయన పుట్టింది ఫిబ్రవరి 29న. అప్పట్లో ఇంగ్లాండ్‌కీ దాని కాలనీలకీ కొత్త సంవత్సరం మొదలయ్యేది మార్చి 25న, మన ఉగాదికి దగ్గర్లో అనుకోండి. అందుకని ఫిబ్రవరి నెల వాళ్ళ లెక్కలో ఇంకా 1707 కిందకే వస్తుంది, మన లెక్కలో 1708. రెండూ కరెక్టే. 1752లో ఇంగ్లాండ్ క్యాలెండర్ మార్చుకుంది, జనవరి 1 అప్పట్నుంచి కొత్త ఏడాది అయింది, ఆ సెప్టెంబర్‌లో 11 రోజులు ఎత్తేశారు కూడా. థామస్ పుట్టినరోజు ఏప్రిల్ 2 అనీ 13 అనీ రెండు రకాలుగా కనపడేది అందుకే.

పుట్టుకతో జమీందారు కాదు, అలాగని బీదవాడూ కాదు. వాళ్ళ నాన్న పేరు కూడా థామసే, జేమ్స్ నది ఒడ్డున ఆస్బోర్న్స్ అనేచోట ఉండేవాడు, ఇప్పుడది చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో పడుతుంది. మేజిస్ట్రేటు, మిలీషియాలో అంటే స్థానిక సైన్యంలో కెప్టెన్. 1731లో ఆయన పోతే పీటర్‌కి ఫైన్ క్రీక్ దగ్గర భూమి వచ్చింది. చదువు మాత్రం పెద్దగా చెప్పించలేదు, నాన్న చదువుని ఎవరూ అసలు పట్టించుకోలేదు కానీ ఆయన బాగా చదివి తనంతట తానే మెరుగుపడ్డాడు అని కొడుకు థామస్ ముసలితనంలో రాసుకున్నాడు. అలా నేర్చుకున్నదే సర్వే.

ఈ సర్వే ఎందుకంత ముఖ్యమంటే, అప్పట్లో పడమటివైపు కొత్తగా పట్టా ఇచ్చే భూములన్నీ అడవులే, ఏ వాగు దగ్గర మంచి నేలుందో ముందు తెలిసేది గొలుసు పట్టుకుని తిరిగినవాడికే. 66 అడుగుల గొలుసు, 100 లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం, మనం మొన్నమొన్నటిదాకా పొలాల్లో లాగిందీ అదే గొలుసమ్మా. 1735లో రివన్నా నది దగ్గర వెయ్యి ఎకరాలు పట్టా చేయించుకున్నాడు. కానీ ఇల్లు కట్టుకోడానికి నచ్చిన మెరక ఆ పట్టాలో లేదు, అది స్నేహితుడు విలియం రాండాల్ఫ్‌ది. 1736లో ఆ 200 ఎకరాలు ఆయన పీటర్‌కి రాసిచ్చాడు, దస్తావేజులో ప్రతిఫలం ఏమని రాశారంటే విలియమ్స్‌బర్గ్‌లో హెన్రీ వెదర్‌బర్న్ సత్రంలో దొరికే అన్నిటికన్నా పెద్ద గిన్నెడు ఆరాక్ పంచ్! ఆరాక్ అంటే మన తూర్పు దేశాలనుంచి ఓడల్లో వెళ్ళిన సారానే. నేను సర్వీసులో వేల దస్తావేజులు చూశాను, ఇలాంటి ప్రతిఫలం ఎక్కడా చూళ్ళేదు.

1746లో ఫెయిర్‌ఫాక్స్ లైన్ అని ఒక సరిహద్దు కొలిచారు, లార్డ్ ఫెయిర్‌ఫాక్స్‌కి 50 లక్షల ఎకరాలకి పైగా ఉండేది, దాని పడమటి హద్దు తేల్చాలి. రాపహానక్ పుట్టినచోటు నుంచి పొటోమాక్ పుట్టినచోటు దాకా దాదాపు 76 మైళ్ళు, కొండలూ బురదా, గుర్రాలు దొర్లిపడేవి, జట్టులో ఉన్న థామస్ లూయిస్ రాసిన డైరీ చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, దారిలో ఒక వాగుకి నరకంలో నది పేరు పెట్టారు. 1749లో జాషువా ఫ్రైతో కలిసి వర్జీనియా నార్త్ కెరొలైనా సరిహద్దుని ఇంకో 90 మైళ్ళు పొడిగించాడు. ఆ ఫ్రై విలియం అండ్ మేరీ కాలేజీలో లెక్కల ప్రొఫెసర్. ఇద్దరూ కలిసి 1751లో వర్జీనియా మొత్తానికి మ్యాప్ గీశారు, దాన్ని ఫ్రై జెఫర్సన్ మ్యాప్ అనే అంటారు, లండన్‌లో అచ్చయింది. బాబు ప్రాజెక్ట్‌కి ఆ మ్యాప్ ప్రింట్ తీసి అతికించండి, మూలన ఓడరేవు బొమ్మ ఉంటుంది, పొగాకు పీపాలు, పని చేస్తున్న నల్లవాళ్ళు, కూర్చున్న దొరలు, ఆ కాలం అంతా ఆ ఒక్క బొమ్మలోనే ఉంది.

ఇక కల్నల్. బ్రిటిష్ ఆర్మీ కాదు. ప్రతి కౌంటీకీ మిలీషియా ఉండేది, స్వేచ్ఛగా ఉన్న తెల్ల మగవాళ్ళు అందులో ఉండి పిలిచినప్పుడు సొంత తుపాకీతో డ్రిల్లుకి రావాలి, ఆఫీసర్లని గవర్నర్ నియమిస్తాడు, సాధారణంగా భూమీ పరపతీ ఉన్నవాళ్ళనే. ఆల్బెమార్ల్ కౌంటీ 1744లో ఏర్పడింది, ఫ్రై దాని మిలీషియాకి పెద్ద, పీటర్ లెఫ్టినెంట్ కల్నల్, మేజిస్ట్రేటు కూడా. 1754లో ఫ్రెంచివాళ్ళ మీదకి వెళ్తూ ఫ్రై గుర్రం మీంచి పడి చనిపోయాడు, ఆ రెజిమెంట్ చేతికొచ్చింది 22 ఏళ్ళ జార్జి వాషింగ్టన్‌కి. కౌంటీలో మాత్రం ఫ్రై స్థానంలోకి పీటర్ వచ్చాడు, వర్జీనియా అసెంబ్లీకీ వెళ్ళాడు. ఫ్రై తన సర్వే పరికరాలు పీటర్‌కి రాసిపోయాడు, పీటర్ తనవి కొడుక్కి రాశాడు. నాకు ఇది తల్చుకుంటే మనసు నిండుతుంది.

టంగుటూరు_బ్యారన్:

మాస్టారు చెప్పింది బాగుందండి. ఒక ముక్క నేను కలుపుతా, మాది ప్రకాశం జిల్లా, మూడు తరాలుగా వర్జీనియా పొగాకే, మా చిన్నప్పుడు వర్జీనియా అంటే ఒక ఊరని కూడా తెలియదు, ఆకు పేరనే అనుకునేవాళ్ళం. పీటర్ జెఫర్సన్ కాలంలో డబ్బు పంట అదే. కాకపోతే మనలాగా బ్యారన్‌లో, అంటే ఆకు కాల్చే గదిలో, గొట్టాల వేడితో ఆకుని ఆరబెట్టేవాళ్ళు కాదు, ఆ పద్ధతి వందేళ్ళ తర్వాత వచ్చింది, అప్పుడు కొట్టంలో వేలాడదీసి గాలికి ఆరబెట్టడమే. ఆరాక పెద్ద చెక్క పీపాలో తొక్కి నింపేవాళ్ళు, ఒక్కో పీపా సుమారు వెయ్యి పౌండ్లు, అంటే 450 కిలోలు. 1730 చట్టం ప్రకారం గవర్నమెంటు గోడౌన్‌లో తనిఖీ చేయించాలి, బాగాలేని ఆకు తగలబెట్టేస్తారు, పాసైతే చీటీ ఇస్తారు, ఆ చీటీయే డబ్బులాగా చెల్లేది, పన్నులు కూడా దాంతోనే కట్టేవాళ్ళు. మన వేలం కేంద్రంలో గ్రేడు కోసం బేళ్ళు పెట్టుకుని నిలబడ్డవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది.

అంత భూమి ఎందుకంటే ఆకు నేలని పీల్చేస్తది. మూడు నాలుగు కాపులయ్యాక ఆ పొలం చెక్క వదిలేసి పక్కన అడవి కొట్టాల్సిందే, వదిలింది మళ్ళీ కోలుకోడానికి ఇరవై ఏళ్ళు. అందుకే పడమటికి జరుగుతూ పోయారు. పీటర్ గారి బలం గురించి వాళ్ళింట్లో ఒక కథ చెప్పుకునేవాళ్ళంట, పడుకోబెట్టిన రెండు పీపాల్ని రెండు చేతుల్తో ఒకేసారి నిలబెట్టేవాడని. 450 కిలోలవి రెండు! బేళ్ళు మోసినవాడిగా చెప్తున్నా, మనిషి భారీగా ఉండేవాడన్నంత వరకు నమ్ముతా.

వరంగల్_స్వప్న:

రాధిక అక్కా, ఫ్యామిలీ గురించి నేను చెప్త, నాకు వంశవృక్షాలంటే మస్తు ఇష్టం. పీటర్ 1739 అక్టోబర్‌ల జేన్ రాండాల్ఫ్‌ను చేసుకున్నడు, ఆయనకు 31, ఆమెకు ఇరవై నిండలే. రాండాల్ఫ్‌లంటే వర్జీనియాల పేరుమోసిన ఖాందాన్. ఆమె పుట్టింది లండన్‌ల, షాడ్వెల్ అనే పేటల బాప్టిజం అయింది, నువ్వు చూసిన బోర్డు మీది పేరు గదే, భార్య పుట్టిన పేట పేరు ఇంటికి పెట్టుకున్నడు. పది మంది పిల్లలు, ఇద్దరు మగపిల్లలు పసిగుడ్డులప్పుడే పోయిండ్రు. మిగిలింది జేన్, మేరీ, థామస్, ఎలిజబెత్, మార్తా, లూసీ, ఆఖరికి 1755ల కవలలు ఆనా, రాండాల్ఫ్. పెద్దబిడ్డ జేన్ అంటే థామస్‌కు పాణం, ఇద్దరు కలిసి పాటలు పాడేటోళ్ళు, పాపం 25 ఏళ్ళకే పోయింది. మార్తా భర్త డాబ్నీ కార్ థామస్ చిన్నప్పటి దోస్తు, ఆయన 1773ల పోతే మాంటిసెల్లోల పెట్టిండ్రు, నువ్వు చూసిన ఆ శ్మశానంల మొదటి సమాధి ఆయనదే.

ఇంకో ముచ్చట. మాస్టారు చెప్పిన విలియం రాండాల్ఫ్ జేన్‌కు పెద్దనాయన కొడుకు, వరసకు అన్నలెక్క. ఆయన 1745ల చనిపోయేముందు నా పిల్లలను నువ్వే చూసుకోవాలె, మా ఇంటికొచ్చి ఉండు అని పీటర్‌కు రాసిపెట్టిండు. పీటర్ తన ఇల్లు వదిలి సంసారమంత తీసుకొని టక్కహో అనే ఆయన ఎస్టేటుకు పోయి ఏడేండ్లు ఉన్నడు. ఒక దోస్తు మాట కోసం అక్కా! థామస్‌కు గుర్తున్న మొట్టమొదటి సంగతి ఆ ప్రయాణమే, గుర్రం మీదున్న ఒక బానిస చేతికి తనను దిండు మీద పెట్టి అందించిండ్రని. ఆ టక్కహో ఇల్లు ఇప్పటికీ ఉన్నది, మీకు దగ్గర్నే. పీటర్ పెంచిన ఆ ఇంటి పిలగాడు థామస్ మాన్ రాండాల్ఫ్, తర్వాత ఆయన కొడుకును 1790ల థామస్ జెఫర్సన్ బిడ్డ చేసుకున్నది.

వరసలు చూస్తే మనకు తికమక అయితది. లూసీ, రాండాల్ఫ్ ఇద్దరు కూడ జేన్ సొంత చెల్లె మేరీ పిల్లలనే చేసుకున్నరు. మనకాడ మేనరికం ఉన్నది గని అక్కచెల్లెండ్ల పిల్లలంటే అన్నచెల్లెండ్లే కదా, వాళ్ళకు ఆ పట్టింపే లేదు, భూములు ఆ నాలుగు ఇండ్లల్లనే ఉండాలె అంతే.

నది_అవతల:

అందరూ బాగా రాశారు, కానీ ఒక సగం మిగిలిపోయింది, బాబు ప్రాజెక్ట్‌లో అది లేకపోతే నాకు బాధగా ఉంటుంది. పీటర్ 1757 ఆగస్టు 17న 49 ఏళ్ళకే చనిపోయాడు. అప్పటికి ఆయన కింద 60 మందికి పైగా బానిసలున్నారు. టంగుటూరు గారు చెప్పిన ఆ ఆకు నాటిందీ, పురుగు ఏరిందీ, పీపాలు నింపిందీ వాళ్ళే. వీలునామా చూడండి. థామస్‌కి పుస్తకాలు, చెర్రీ చెక్క బల్ల, సర్వే పరికరాలు, వాటి పక్కనే సానీ అనే మనిషి. ఆరుగురు కూతుళ్ళకీ ఒక్కొక్కరికి 200 పౌండ్లు, ఒక బానిస పిల్ల. ఆ పిల్లలు కూడా ఎవరో అమ్మల కూతుళ్ళే కదండీ. భూమేమో కొడుకులిద్దరికీ, థామస్‌కి రివన్నా వైపు 5000 ఎకరాల దాకా, రాండాల్ఫ్‌కి స్నోడెన్ అనే ఎస్టేట్.

జూపిటర్ అని ఒక అతను ఉన్నాడు, థామస్ పుట్టిన 1743లోనే అదే షాడ్వెల్‌లో పుట్టాడు. ఇద్దరూ ఒకే వయసు, ఒకే చోటు. ఒకడు కాలేజీకెళ్తే రెండోవాడు వెంట వెళ్ళి బట్టలు గుర్రాలు చూసుకున్నాడు. మిలీషియా గురించి కూడా, అది ఫ్రెంచివాళ్ళ కోసం మాత్రమే కాదు, రాత్రిళ్ళు బానిసల గుడిసెల మీద, దారుల మీద కాపలా తిరిగే గస్తీ కూడా మిలీషియా మనుషులదే. కల్నల్ అనే మాటలో అదీ కలిసుంది. ఇంకా లూసీ కొడుకులు, అంటే పీటర్ మనవళ్ళు ఇద్దరు, కెంటకీలో 1811 డిసెంబర్‌లో జార్జ్ అనే 17 ఏళ్ళ బానిస కుర్రాణ్ణి ఒక కూజా పగిలిందని గొడ్డలితో చంపేశారు. ఇది ఏడో క్లాసు పిల్లాడికి చెప్పాలా వద్దా మీ ఇష్టం, కానీ పెద్దవాళ్ళం మనకి తెలిసుండాలి.

రిచ్‌మండ్_రాధిక:

నిన్న రాత్రి మొత్తం వాడికి చదివి వినిపించాను, మాస్టారికీ స్వప్నకీ టంగుటూరు గారికీ చాలా థ్యాంక్స్, నది అవతల గారూ మీకు ఇంకా ఎక్కువ. జార్జ్ సంగతి వాడికి చెప్పలేకపోయాను, ఇంకో రెండేళ్ళాగి చెప్తాను. జూపిటర్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాడు. ముందు గీసిన ఫ్యామిలీ ట్రీ చింపేసి పెద్ద చార్ట్ తెచ్చుకున్నాడు, 1743 దగ్గర థామస్ పక్కనే జూపిటర్ పేరు రాశాడు, గీత మాత్రం ఎక్కడికి కలపాలో తెలీక నన్నడిగాడు. జేన్ గారు ఆయన పోయాక ఏం చేశారు? మాస్టారూ, ఫిబ్రవరి 29న పుడితే ఆయనకి ఎన్ని పుట్టినరోజులు వచ్చినట్టు అని కూడా అడుగుతున్నాడు.

గొలుసు_మాస్టారు:

జేన్ గారు ఎనిమిది మంది పిల్లల్ని పెట్టుకుని షాడ్వెల్ నడిపిందమ్మా, 14 ఏళ్ళ థామస్‌కి 21 వచ్చేదాకా ఆస్తి పీటర్ స్నేహితుల అజమాయిషీలో ఉంది. 1770 ఫిబ్రవరి 1న ఆ ఇల్లు కాలిపోయింది, థామస్ పుస్తకాలూ కాగితాలూ దాదాపు అన్నీ పోయాయి. ఆమె పోయింది 1776 మార్చి 31న, కొడుకు స్వాతంత్ర్య ప్రకటన రాయడానికి మూడు నెలల ముందు.

బాబు లెక్క వేశాను. 1712 నుంచి 1756 దాకా నాలుగేళ్ళకోసారి, మొత్తం 12. గీత గురించి నేనూ ఆలోచిస్తున్నాను, జూపిటర్ పేరు కింద షాడ్వెల్ అని ఊరి పేరు రాసి థామస్ గీత కూడా అదే ఊరికి కలపమనండి.