క్రిస్టియన్ యూనివర్సిటీలో స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్: టెక్సస్‌లో ఏమేం చూసుకోవాలి?

ఫ్రిస్కో_రీడర్: డల్లాస్ దగ్గర ఒక క్రిస్టియన్ యూనివర్సిటీలో స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. ఉస్మానియాలో ఎం.ఏ. సైకాలజీ అయింది. మాది హిందూ కుటుంబం, చేయాలనుకున్నది పబ్లిక్ స్కూల్లో. 48 క్రెడిట్ల కోర్సు సరిపోతుందా, 60 కావాలా? ప్రాక్టికమ్ (బడిలో పర్యవేక్షణ కింద చేసే శిక్షణ) గంటలు ఎక్కడ తేడా కొడతాయి? మతం సంగతి ఎలా?

క్రెడిట్_లెక్క: టెక్సస్ సర్టిఫికెట్ వరకే అయితే 48 క్రెడిట్ల మాస్టర్స్, 160 గంటల ప్రాక్టికమ్, టెక్సెస్ 252 (రాష్ట్రం పెట్టే స్కూల్ కౌన్సెలర్ పరీక్ష) చాలండీ. రెండేళ్లు టీచర్‌గా చేసి ఉండాలన్న షరతు 2023లో ఎత్తేశారు, పాత పేజీలు చదివి వెనక్కి తగ్గొద్దు. అయినా నా సలహా 60 క్రెడిట్లదే, అదీ కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ) గుర్తింపు ఉన్నదే. రేపు ఎల్‌పీసీ (బడి బయట కూడా కౌన్సెలింగ్ చేయడానికి) లైసెన్స్ కావాలంటే 60 అడుగుతారు, వేరే రాష్ట్రానికి మారినా అదే పనికొస్తుంది. ఎఫ్-1 వీసా మీదైతే పూర్తి ఆన్‌లైన్ కోర్సు కుదరదు. ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే వస్తుంది.

లాగ్‌షీట్: గంటల సంగతి నేను చెప్తాను, ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. కేక్రెప్‌లో ప్రాక్టికమ్ 100 గంటలు, అందులో 40 నేరుగా పిల్లలతో చేసే కౌన్సెలింగ్. ఇంటర్న్‌షిప్ 600, అందులో 240 నేరుగా. మొత్తం గంటలు ఇట్టే నిండుతాయి, ఆగిపోయేవి ఈ నేరుగా గంటలే. ఇంటర్న్ దొరికితే స్కూలు వాళ్లు లంచ్ డ్యూటీ, షెడ్యూల్ మార్పులు, పరీక్షల కాపలా అప్పగిస్తారు. అవేవీ నేరుగా గంటలు కావు. ఏప్రిల్‌లో స్టార్ (టెక్సస్ రాష్ట్ర వార్షిక) పరీక్షలు మొదలయ్యాక పిల్లల్ని క్లాసులోంచి పిలవనివ్వరు. మార్చి చివరికే 240లో 180 దాటేలా చూసుకోండి.

గ్రూపు సెషన్లు తప్పనిసరి. ఆరుగురు పిల్లలతో అరగంట కూర్చుంటే మీకు అరగంటే పడుతుంది, మూడు గంటలు కాదు. తల్లిదండ్రుల సంతకాలు రావడానికే రెండు వారాలు పడుతుంది కాబట్టి ఫారాలు బడి తెరిచిన వారమే పంపండి. సెషన్ రికార్డింగ్‌కి విడిగా అనుమతి కావాలి. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం బడుల్ని నడిపే సంస్థ) ఒప్పుకోకపోతే సూపర్‌వైజర్ పక్కన కూర్చుని చూసే ఏర్పాటు ముందే రాయించుకోండి.

లాగ్‌లో ఇలా రాస్తే చాలు: “9:10–9:40, 7వ తరగతి, కోడ్ బి4, వ్యక్తిగత సెషన్”. పిల్లల పేరు ఎక్కడా పడకూడదు. ఏ రోజుది ఆ రోజే రాసి వారం వారం సంతకం పెట్టించండి, నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసేది నమ్మదగింది కాదు.

ప్లేనో_కౌన్సెలర్: క్లాసులో విశ్వాసాన్నీ వృత్తినీ కలిపి చర్చిస్తారు, వ్యాసాలు రాయిస్తారు. కొన్నిచోట్ల ప్రవర్తనా నియమావళి మీద సంతకం అడుగుతారు, ఫీజు కట్టకముందే హ్యాండ్‌బుక్ చదవండి. పబ్లిక్ స్కూల్లో మాత్రం ప్రార్థన మీరు మొదలుపెట్టకూడదు. పిల్లాడే దేవుడి మాట ఎత్తితే వినండి, వాడి మాటల్లోనే నడపండి.

2009లో ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో ఒక విద్యార్థిని, స్వలింగ సంబంధంలో ఉన్న క్లయింట్‌ని తన నమ్మకాల వల్ల మరొకరికి అప్పగించమని కోరినందుకు ఆమెని కోర్సు నుంచి తీసేశారు. కేసు కోర్టుకెళ్లి, 2012లో రాజీ అయింది. 2014 నాటి అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ నియమావళి, కేవలం సొంత నమ్మకాల వల్ల క్లయింట్‌ని పంపేయొద్దని స్పష్టంగా చెప్తుంది. ఇది క్రైస్తవులకే కాదు, మనకీ వర్తిస్తుంది. ప్రేమ, కులం, పెళ్లి విషయాల్లో మన ఇళ్ల అభిప్రాయాలు కూడా గది బయటే వదలాలి.

ఇంకోటి, 2023 చట్టంతో టెక్సస్ బడుల్లో చాప్లిన్లు (మతపరమైన సేవలు అందించేవాళ్లు) ఉండొచ్చు. వాళ్లకి కౌన్సెలర్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ ఉద్యోగం వేరు, మీది వేరు.

ఫ్రిస్కో_రీడర్: చాలా థాంక్సండీ. ప్రోగ్రాం డైరెక్టర్‌ని ముందు ఏం అడగాలి?

లాగ్‌షీట్: ప్రాక్టికమ్ స్కూల్‌ని యూనివర్సిటీ చూపిస్తుందా, మీరే వెతుక్కోవాలా? మీరే అయితే కనీసం ఒక సెమిస్టర్ ముందు మొదలుపెట్టండి. డిస్ట్రిక్ట్‌తో ఒప్పందం, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యేదాకా ఒక్క గంట కూడా లెక్కలోకి రాదు.