మిడిల్టన్ ప్లేస్ తోటలో ప్రీవెడ్డింగ్ షూట్: మీరైతే చేస్తారా?

షార్లెట్_కోడలు:
మా మరిది ప్రీవెడ్డింగ్ ఫొటోలు అమెరికాలో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ దగ్గర, మిడిల్టన్ ప్లేస్ అనే పాత ప్లాంటేషన్‌లో (బానిసలతో సాగు చేయించిన ఎస్టేట్) తీయిద్దామని ఇంట్లో అనుకున్నాం. ఆష్లీ నది వైపు మెట్లుమెట్లుగా దిగే పచ్చిక, కింద సీతాకోకచిలుక రెక్కల్లాంటి జంట చెరువులు. బానిసల చేత చేయించిన తోట, నేను రానంటున్నాడు పెళ్లికొడుకు. ఇంట్లో ఒకటే టెన్షన్. మీరేమంటారు?

మొక్కలపిచ్చి:
శుభ్రంగా వెళ్లండి. 1741లో మొదలుపెట్టిన తోట అది. దాన్ని నడిపే ఫౌండేషన్‌కి సందర్శకుల డబ్బే పెద్ద ఆసరా. చాకిరీ లెక్కలు తీస్తే మన తెలంగాణ గడీల్లోనూ అడుగు పెట్టకూడదు.

గట్టుమీదోడు:
గడీ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. వెట్టి చేసినవాళ్ల మనవడికి "దొరగారి గడీలో మా పెళ్లి, తప్పక రండి" అని శుభలేఖ ఇవ్వగలరా? చూడ్డానికి వెళ్లడం వేరు, వేడుక చేసుకోవడం వేరు.

ఆ మెట్లు దేవుడు పెట్టినవి కావు. వందమంది దాకా బానిసలు పదేళ్లపాటు మట్టి తవ్వి పోశారని చెబుతారు. ఆ వైభవానికి డబ్బు వరి నుంచి వచ్చింది. మాదీ గోదావరి జిల్లాయే, వరి పని అంటే ఏమిటో తెలుసు. అక్కడ దోమల చిత్తడిలో చెట్లు నరికి గట్లు వేశారు. పోటుకి నది పొంగితే తూము ఎత్తి నీళ్లు పెట్టడం, ఆటుకి వదిలేయడం. పశ్చిమ ఆఫ్రికాలో వరి పండించినవాళ్ల నేర్పూ అందులో ఉంది. ఆ ఇంటి ఆర్థర్ మిడిల్టన్ 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు. పొలంలో ఉన్నవాళ్లకి అది వర్తించలేదు!

అట్లాంటా_బాబాయ్:
ప్లాంటేషన్ పెళ్లిళ్లకి ప్రచారం తగ్గిస్తామని 2019లో పెళ్లి ఫొటోల ఐడియాలు వెతికే సైట్ పింటరెస్టే చెప్పింది. మనకెందుకమ్మా ఈ గొడవ?

మొక్కలపిచ్చి:
అసలు దొర మేడే లేదండీ. 1865లో అంతర్యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది) సైనికులు తగలబెట్టారు, మిగిలిన గోడలు 1886 భూకంపంలో పడిపోయాయి. ఇప్పుడున్నది పక్క భవనం ఒక్కటే. పైగా అక్కడే ఉన్న ఎలైజా హౌస్ అనే చిన్న ఇంట్లో రెండువేలకు పైగా బానిసల పేర్లు రాసి పెట్టారు. దాచిందేముంది?

గట్టుమీదోడు:
పేర్లు పెట్టడం మంచి పనే. కానీ మీ ఫొటోగ్రాఫర్ ఆ పేర్ల ముందు జంటని నిలబెడతాడా? చెరువు దగ్గరే కదా!

షార్లెట్_కోడలు:
మరిది మాటే నెగ్గేలా ఉంది, ఫొటోలకి వేరే పార్కు చూస్తున్నాం. అత్తయ్య మాత్రం కెమెలియాలు చూసి తీరాలంటున్నారు. ఎప్పుడు పూస్తాయి?

మొక్కలపిచ్చి:
ఫిబ్రవరిలో బాగుంటాయి. అజేలియాలు కూడా కావాలంటే మార్చి చివర. అప్పుడు పెళ్లివాళ్లు కూడా కనిపిస్తారు, గట్టుమీదోడు గారిని తీసుకెళ్లకండి.