పికప్ వెనక టైర్లలో గాలి ఎంత ఉంచాలి?

ప్రశ్న: అన్నా, మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా వేస్తుంటాను. పోయేటప్పుడు ఫుల్ లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. ఖాళీ బండి గుంతల్లో వెనక ఎగిరెగిరి పడుతోంది. గాలి ఎంత పెట్టాలి?

జవాబు: డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ చూడు తమ్ముడూ, లేకపోతే మాన్యువల్‌లో ఉంటుంది, ఖాళీకి, లోడుకి చాలా బళ్లకు వేరువేరుగా ఇస్తారు. టైరు మీద అచ్చేసిన అంకె అది తట్టుకునే గరిష్ఠం మాత్రమే, దాన్ని చూసి కొట్టించొద్దు.

జవాబు: పొద్దున్నే బండి తీయకముందే చూడాలి. నడిచిన టైరు వేడికి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది, లోడు మీద టైరు పక్కలు నలిగి, ఇంకా వేడెక్కి, ఎండాకాలం రోడ్డు మీద పగిలేది అలాంటివే. దయచేసి ఆ పని చేయకండి.

జవాబు: అరుగుదల కూడా చూడండి. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ.

ప్రశ్న అడిగినవారు: మధ్యలోనే అరిగింది అన్నా! రేపు పొద్దున స్టిక్కర్ చూసి ఖాళీ బండికి తగ్గిస్తా, లోడు ఎక్కించే ముందు మళ్లీ పెంచుతా.