కౌంటీని జిల్లా అనొచ్చా?

ప్రశ్న:
అండీ, ఒక అనువాదంలో ఇరుక్కున్నాను. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీ మీద రెండు పేజీల వ్యాసం. ఫోన్లో కొట్టి చూస్తే ‘ప్రేమించే జిల్లా’ అని వచ్చింది! నవ్వుకుని పేరు దిద్దాను గానీ ‘జిల్లా’ దగ్గర చెయ్యాగింది. 2020 జనగణనలో అక్కడ తేలింది 64 మంది. దాన్ని జిల్లా అంటే మనవాళ్లు నమ్ముతారా? మండలం అనేద్దామా?

ఒక జవాబు:
దిద్ది మంచిపని చేశారు. లవింగ్ ఇంటిపేరు, ఆ పేరున్నాయన పేరే కౌంటీకి పెట్టారు. ఆలివర్ లవింగ్ పశువుల మందల్ని దూరప్రాంతాలకు తోలించి అమ్మే మనిషి. 1867లో పేకస్ నది దగ్గర కొమాంచీ తెగవాళ్ల దాడిలో గాయపడి, ఆ గాయంతోనే పోయాడు. ఆ నదే ఇప్పుడీ కౌంటీకి పడమటి హద్దు.

మండలం మాత్రం వద్దు. మండలం జిల్లాలో ముక్క, కౌంటీకి పైన ఉన్నది రాష్ట్రమే. పైగా నేల చూడండి, దాదాపు 1,750 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ జిల్లా 217. ఎనిమిది హైదరాబాదులు పట్టే చోట ఒక పెళ్లి బస్సుకు కాస్త మిగిలేంత జనం, అంతే. జిల్లా అన్న మాటకు మూలమైన అరబీ పదానికి పక్కటెముక, పక్క అని అర్థం. అందులో తలల లెక్కేం లేదు కదా.

ఇంకొకరు:
నేనొప్పుకోను. జిల్లా అనగానే మనకు కలెక్టరు కళ్లముందుకొస్తాడు. అక్కడ అలా పైనుంచి పంపేవాళ్లుండరు, పోలీసు పెద్ద అయిన షెరీఫ్‌నీ కౌంటీ జడ్జినీ అక్కడివాళ్లే ఓట్లేసి ఎన్నుకుంటారు. ‘కౌంటీ జడ్జి’ని జిల్లా జడ్జి చేశారంటే కొంప మునిగినట్టే. టెక్సస్‌లో ఆయన కమిషనర్ల సభకు పెద్ద, బడ్జెట్టూ రోడ్లూ చూసుకుంటాడు. ఫ్రిస్కోలో ఉండే మా అక్క ‘కౌంటీ పన్ను కట్టాం’ అంటుంది. జిల్లా పన్ను అనగా ఒక్కసారీ వినలేదు. కౌంటీని కౌంటీగానే ఉంచండి.

అడిగినవారు:
సరేనండీ, ఉంచేస్తా. ఇంకో చిక్కు. 1887లో ‘ఏర్పడింది’, 1893లో మళ్లీ ‘ఏర్పడింది’ అని రాసుకున్నా. చదివితే నాకే అయోమయంగా ఉంది.

మొదటి జవాబిచ్చినవారు:
రెండూ వేరు. 1887లో హద్దులు గీశారు, 1893లో కొలువు తీరింది, అంటే కౌంటీ పాలన మొదలైంది. 1897లో ఆ కొలువు ఎత్తేసి రీవ్స్ కౌంటీకి తగిలించారు. 1920లలో చమురు పడ్డాక జనం చేరి, 1931లో మళ్లీ కొలువు తీరింది. టెక్సస్‌లోని 254 కౌంటీల్లో రెండుసార్లు కొలువు తీరింది ఇదొక్కటే. అన్నట్టు, కౌంటీ కేంద్రం మెంటోన్‌ని పట్టణం అనకండి, దానికి మునిసిపాలిటీ కూడా లేదు.

అడిగినవారు:
‘కొలువు’ భలే కుదిరింది. 1945లో షెరీఫ్ ‘అయ్యాడు’ అని రాసేశాను, ఇప్పుడు పేరు చూస్తే ఎడ్నా రీడ్ క్లేటన్ డ్యూయీస్! టెక్సస్‌లో ఎన్నికైన మొదటి మహిళా షెరీఫట. ‘ఆవిడ’ అని దిద్దుకుంటూ వస్తున్నా, ఇంకా నాలుగు చోట్లున్నాయి.