పిల్లలకు చూపించడానికి మూకీ సినిమా ఏదైనా ఉందా?

మా తొమ్మిదేళ్ల వాడికి మన పాత మూకీ ఒకటి చూపిద్దామని ఉంది. విసుగెత్తకుండా కూర్చోబెట్టగలిగేది చెప్పండి.

జవాబు 1:
దాదాసాహెబ్ ఫాల్కే తీసిన ‘కాళీయ మర్దన్’, 1919. కృష్ణుడి వేషం ఆయన కూతురు మందాకినిదే, అప్పటికి ఏడేళ్లు! కథకు ముందు ఆ పిల్ల మామూలుగా కెమెరా ముందు రకరకాల హావభావాలు చూపిస్తుంది. తర్వాత కృష్ణుడైపోతుంది. నాకైతే పాము కంటే ఆ ముక్కే ఇష్టం.

జవాబు 2:
అది పిల్లల కోసమే తీసింది కాదు లెండి, పౌరాణికం. కానీ అల్లరంతా పిల్లలదే. నిద్రపోతున్న షావుకారు గడ్డాన్ని భార్య జుట్టుకు ముడేసే సీను దగ్గర మా అమ్మాయి పడీపడీ నవ్వింది. మడుగులో పోరాటం మాత్రం, ఈ కాలం గ్రాఫిక్స్ చూసిన కళ్లకు కాస్త ఓపిక కావాలి.

ప్రశ్న అడిగినవారు:
మధ్యలో మాటలకు బదులు తెర మీద వచ్చే అక్షరాలు వాడు చదవలేడేమో?

జవాబు 1:
మీరే పైకి చదివేయండి. కథ ఎలాగూ వాడికి తెలిసిందేగా!