పర్లాకిమిడిలో నాన్నకి 25 వేల లోపు ల్యాప్‌టాప్: కొత్తదా, సెకండ్ హ్యాండా?

పర్లాకిమిడి పిల్ల:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. నాన్న మొన్నే రిటైరయ్యారు, ఫోన్‌లో చిన్న అక్షరాలు చదివి చదివి కళ్లు లాగేస్తున్నాయంటున్నారు, అందుకని ఒక ల్యాప్‌టాప్ కొనిద్దామనుకుంటున్నాను. గేములూ ఎడిటింగూ ఏమీ లేవు. పొద్దున్నే తెలుగు పేపర్లు, యూట్యూబ్‌లో ప్రవచనాలు, వైజాగ్‌లో ఉన్న అక్కతో వీడియో కాల్, కాస్త బ్యాంకు పని. పొలం కొంత ఇటు, కొంత పాతపట్నం వైపు ఉంది కాబట్టి ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్ ఒకటి, ఆంధ్రాది మీభూమి ఒకటి, రెండూ తెరుస్తుంటారు, ఎప్పుడైనా ప్రింట్ తీస్తారు.

బడ్జెట్ 25 వేలు, మహా అయితే ఇంకో రెండు వేలు. ఊళ్లో షాపులో సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఉన్న కొత్తది చూపించి "నెట్ చూసుకోడానికి ఇది చాలమ్మా" అన్నారు. బరంపురంలో తెలిసినవాళ్లేమో పాత లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ తీసుకోమన్నారు. పాతదంటే నాన్న ఒప్పుకుంటారో లేదో, ఒప్పుకున్నాక రెండు నెలలకే పాడైతే ఏం చెయ్యాలో, అదే టెన్షన్. ఏది కొనమంటారు?

రాయగడ రిపేరు:
అమ్మా, నేను రాయగడలో పదకొండేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. ఆ 4 జీబీ, 64 జీబీది మాత్రం కొనకు. విండోస్ 11కి కనీసం కావాల్సినవి అవే, 4 జీబీ ర్యామూ 64 జీబీ స్టోరేజీ. కనీసం అంటే ఆన్ అవుతుందని అర్థం, హాయిగా నడుస్తుందని కాదు. ర్యామ్‌లో సగం విండోసే తినేస్తుంది, మిగిలిన దాంట్లో వీడియో కాల్ పెట్టి పక్కన రెండు ట్యాబులు తెరిస్తే మౌస్ కూడా ఆగి ఆగి కదులుతుంది. పైగా ఆ 64 జీబీ ఉండేది సాధారణంగా ఈఎంఎంసీ, మెమరీ కార్డు జాతిది, బోర్డుకే అతికించి ఉంటుంది, తీసి పెద్దది వెయ్యలేం. కొన్నాళ్లకి అప్‌డేట్ పెట్టుకోడానికి కూడా చోటుండదు. పోయిన నెలలో ఒక టీచరమ్మ అలాంటిదే పట్టుకొచ్చారు, కొని ఏడాది కాలేదు, నేను చెయ్యగలిగింది ఫైళ్లు తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టివ్వడం ఒక్కటే. కొత్త వస్తువు, నాకు నిజంగా బాధేసింది.

మీ పనికి 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డి, అంటే వేగంగా నడిచే స్టోరేజీ, ఉంటే చాలు, ప్రాసెసర్ గురించి అంత బెంగ అక్కర్లేదు. 25 వేలకి అవి కొత్తదాంట్లో దొరకడం కష్టం, 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కూడా. కాబట్టి ఆఫీసుల్లో వాడి తీసేసినవి చూడు, థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490 లాంటివి. ఒక్క షరతు. ప్రాసెసర్ నంబర్ ఐ5-8350యు అని ఉంటే గీత తర్వాత వచ్చే 8 జనరేషన్, అంటే ప్రాసెసర్ ఎనిమిదో తరానిదని. అక్కడ 6, 7 ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఒకటి రెండు మోడళ్లు తప్ప వాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. బ్యాంకు పని చేసే మెషీన్‌లో అది మంచిది కాదు.

జయపురం కుర్రాడు:
అక్కా, క్రోమ్‌బుక్, అదే విండోస్ బదులు గూగుల్ క్రోమ్ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్, కూడా చూడొచ్చు కదా, బ్రౌజింగే అయితే అది తేలిగ్గా నడుస్తుంది. అప్‌డేట్లు పదేళ్లు వస్తాయి, కాకపోతే ఆ లెక్క నువ్వు కొన్న రోజు నుంచి కాదు, ఆ ప్లాట్‌ఫామ్, అంటే దాని లోపలి హార్డ్‌వేర్ రకం, విడుదలైనప్పటి నుంచి, అందుకని కొనేముందు ఆ మోడల్‌కి ఆఖరు తేదీ ఎప్పుడో చూసుకోవాలి. ఇంకోటి, ఇంట్లో ఉన్న ప్రింటర్ దాంతో పనిచేస్తుందో లేదో.

పర్లాకిమిడి పిల్ల:
ప్రింటర్ చాలా పాతది తమ్ముడూ, యూఎస్‌బీ తీగది. అయితే రిస్కే. అన్నా, పాతది కొనేటప్పుడు షాపులో ఏం చూడాలి? నాకు ఆన్ చేసి చూడటం తప్ప ఏమీ తెలీదు.

రాయగడ రిపేరు:
ముందు స్క్రీన్. నాన్నగారి కళ్ల కోసమే కొంటున్నావు కదా, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920, 1080 అని ఉండాలి. అదే టీ480లో 1366, 768 స్క్రీన్‌తోనూ వస్తాయి, అక్షరాలు గరుకుగా కనిపిస్తాయి. తర్వాత పక్కకి జరిగి చూడు, రంగులు వెలిసిపోయినట్టుంటే అది ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు మారని రకం స్క్రీన్) కాదు, వదిలెయ్.

బ్యాటరీకి, స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, వచ్చిన నల్ల కిటికీలో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో టైప్ చెయ్యి. ఒక ఫైల్ వస్తుంది, అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టేది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) పక్కపక్కన పెట్టి చూడు. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమను. టీ480కి మామూలుగా లోపలొకటి, బయటొకటి రెండు బ్యాటరీలుంటాయి, రెండూ చూడాలి. బయోస్‌కి, అంటే విండోస్ కంటే ముందు మొదలయ్యే సెటప్‌కి, పాస్‌వర్డ్ ఉంటే కొనకు. విండోస్ యాక్టివేట్ అయిందో లేదో, మూత కీలు వదులుగా ఉందేమో, కెమెరా, మైకు, అన్నీ అక్కడే చూసుకో, సిగ్గుపడకు, అరగంట పట్టినా పర్లేదు.

బరంపురం మాస్టారు:
పైన చెప్పినవన్నీ సరైనవే. జీఎస్‌టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్, ఎన్ని నెలల వారంటీ అన్నది రాయించుకోమ్మా, నోటిమాట వద్దు. మనసు మారి కొత్తదే కొంటే ఆన్‌సైట్ వారంటీ, అంటే ఇంటికే వచ్చి బాగుచేసేది, మీ పిన్‌కోడ్‌కి వస్తుందా అని కంపెనీకే ఫోన్ చేసి అడగండి. ఈ విషయం తెలీక నేను ఒక కీబోర్డ్ కోసం రెండుసార్లు భువనేశ్వర్ వెళ్లొచ్చాను.

భాష సంగతి ఎవరూ చెప్పలేదు. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు, ఒడియా రెండూ చేర్చి ఫొనెటిక్ కీబోర్డ్ పెట్టండి, అమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతుంది. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. భూలేఖ్‌లో ఒడియా, మీభూమిలో తెలుగు, మన సరిహద్దు వాళ్లకి రెండూ చేతికింద ఉండాల్సిందే. నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచి వాడేట్టయితే ఆ వైఫైని సెట్టింగ్స్‌లో మీటర్డ్ కనెక్షన్‌గా (డేటా పొదుపుగా వాడేట్టు) పెట్టండి, లేకపోతే అప్‌డేట్లే ఒక పూటలో డేటా అంతా తాగేస్తాయి. అన్నట్టు, నాన్నగారికి కళ్లు ఒకసారి చూపించండి, లోపం అద్దాల్లో ఉంటే ఏ స్క్రీనూ తీర్చలేదు.

పర్లాకిమిడి పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. నిన్న బరంపురం వెళ్లి టీ480 తీసుకున్నాను, ఐ5-8350యు, 8 జీబీ, 256 ఎస్ఎస్‌డి, 1080 స్క్రీన్. రిపోర్ట్ తీసి చూపిస్తే బయటి బ్యాటరీ సగానికి పైగా పోయింది, దానికి రెండు వేలు తగ్గించారు. బిల్లు మీద ఆరు నెలల వారంటీ రాయించాను. అక్షరాలు 150 శాతం పెట్టాను, నాన్న సాయంత్రం నుంచి మీభూమిలో అడంగల్ చూస్తున్నారు, పాతదని ఒక్క మాట కూడా అనలేదు. కళ్ల డాక్టర్ దగ్గరికి సోమవారం వెళ్తున్నాం మాస్టారూ.

రాయగడ రిపేరు:
మంచి పని చేశావమ్మా. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాని మీదున్న పార్ట్ నంబర్ ఫోటో తీసుకుని వెళ్లు. ఇప్పుడే కొనేయకు, లోపలిది బాగుంటే కొన్నాళ్లు దానితోనే నడుస్తుంది.